బెంగళూరులో ఉండి ట్రయల్ జడ్జి కావాలంటే: సాక్షిని ఏ భాషలో వింటారో ముందు తేల్చుకోండి

ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో కర్ణాటకలోని ఒక తాలూకా కోర్టు. పొలం హద్దు తగాదా. డెబ్భై ఏళ్లు దాటిన రైతు బోనులో నిలబడి "గట్టు తెగ్గొట్టినారు సామీ" అన్నాడు. ఆ ఊళ్లలో ఇంటి మాట తెలుగు, కోర్టు మాట కన్నడం. కన్నడంలోకి మార్చి చెప్తున్నతను గట్టు అంటే కొండ అనుకుని "బెట్ట" అన్నాడు, టైపులో అదే పడింది. జడ్జిగారు వెంటనే ఆపించి "బెట్ట కాదు, బదు" అని దిద్దించి, రైతు వైపు తిరిగి "పొలం గట్టే కదా పెద్దాయనా?" అని తెలుగులో అడిగారు. నేను ఆ రోజు ప్రతివాది తరఫున నిలబడి ఉన్నాను. ఆ తప్పు అలాగే ఉండిపోతే మా పార్టీకి లాభం, ఆ రైతుకు నష్టం. ఎందుకంటే కేసు అప్పీలుకు వెళ్లాక ఆయన్ని మళ్లీ పిలిచి అడిగేవాళ్లు దాదాపు ఉండరు, కాగితం మీద ఉన్నదే ఆయన సాక్ష్యం.

పదహారేళ్లుగా బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మదనపల్లె నుంచి, హిందూపురం నుంచి, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ లా చదువుతున్న మన పిల్లలు జడ్జి కావాలని వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఏ పుస్తకం కొనాలి సార్?" అని. పుస్తకం సంగతి తర్వాత. ట్రయల్ జడ్జి పని అంటే మనుషులు చెప్పేది విని, దాన్ని రికార్డులోకి ఎక్కించి, అందులో ఏది నమ్మారో ఏది నమ్మలేదో కారణాలతో రాయడం. కాబట్టి మీరు ముప్ఫై ఏళ్ల పాటు ఏ ఊరి మనుషుల మాట వినబోతున్నారో ముందు తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా కోచింగ్‌లో చేరి రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మన దేశంలో జడ్జీలకు ఐఏఎస్ లాంటి ఒకే అఖిల భారత పరీక్ష లేదు. అఖిల భారత జుడీషియల్ సర్వీసు పెట్టుకోవచ్చని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 312వ అధికరణంలో రాశారు గానీ ఇప్పటిదాకా అది ఏర్పడలేదు. ఏ రాష్ట్రం పరీక్ష ఆ రాష్ట్రానిదే, ప్రతి రాష్ట్రం తన భాష వచ్చినవాళ్లనే కోరుకుంటుంది. కర్ణాటకలో సివిల్ జడ్జి మెయిన్స్‌లో ఒక పేపర్ మొత్తం అనువాదమే, ఇంగ్లీషు నుంచి కన్నడంలోకి, కన్నడం నుంచి ఇంగ్లీషులోకి. ఆంధ్రలో, తెలంగాణలో రాస్తే తెలుగు కావాలి. చెన్నైలో ఉన్నవాళ్లకు తమిళం. బెంగళూరులో చదివినంత మాత్రాన కర్ణాటకలోనే రాయాలని లేదు, ఇక్కడ ప్రాక్టీసు చేసి సొంత రాష్ట్రంలో రాసి సెలెక్ట్ అయినవాళ్లు ఉన్నారు. మీకు కన్నడం బస్సులో టికెట్ అడిగేంతే వచ్చు, నేర్చుకునే ఓపిక కూడా లేదు అంటే మొహమాటపడకుండా తెలుగు రాష్ట్రాల పరీక్షకే సిద్ధం కండి.

ఇక్కడే ఇంకో సంగతి, ఎవరూ ముందు చెప్పనిది. రిజర్వేషన్. కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నా, ఆంధ్ర నుంచి వలస వచ్చిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి కర్ణాటకలో ఆ కోటా రాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది, ఆ తర్వాతి తీర్పులూ అదే దారిలో ఉన్నాయి. కోలారు, చిక్కబళ్లాపుర, బళ్లారి వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల సంగతి వేరు, వాళ్లు కర్ణాటకవాళ్లే. మీ సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదో ఇవాళే చూసుకోండి, నోటిఫికేషన్ వచ్చాక టెన్షన్ పడొద్దు.

సరే, తేల్చుకున్నారు. ఇప్పుడు ఎన్‌రోల్‌మెంట్, అంటే వకీలుగా పేరు నమోదు. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసే రోజులు 2024 జూలై 30 సుప్రీంకోర్టు తీర్పుతో పోయాయి, జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు. దాంతోపాటు ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ అనే అర్హత పరీక్ష కూడా పాస్ కావాలి. 2002 నుంచి కొత్తగా డిగ్రీ చేతికొచ్చినవాళ్లు కూడా ప్రాక్టీసు లేకుండా నేరుగా సివిల్ జడ్జి పరీక్ష రాసేవాళ్లు. 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. ఆ మూడేళ్లను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్ పాస్ కాకముందు తాత్కాలికంగా ఇచ్చే నమోదు) తేదీ నుంచి లెక్కేస్తారు, జడ్జి దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలమూ కలుస్తుంది. ప్రాక్టీసు చేశారని సర్టిఫికెట్ కావాలి, పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేటు ఇస్తే దానిమీద ఆ జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో ఈ షరతును ఏ మాటల్లో రాశారో దాన్ని రెండుసార్లు చదువుకోండి, అదే మీకు వర్తించేది.

మూడేళ్లు వృథా అని కొందరు బాధపడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే జడ్జికి కావాల్సినవి దొరికేది అక్కడే. కాకపోతే సీనియర్‌ను సరిగ్గా ఎంచుకోవాలి. పెద్ద ఆఫీసు, ఏసీ, కంపెనీ కాంట్రాక్టులు చూసి పోవద్దు. రోజూ పొద్దున్నే మైసూర్ బ్యాంక్ సర్కిల్ దగ్గర సిటీ సివిల్ కోర్టులోనో, మేయో హాల్లోనో, నృపతుంగ రోడ్డు మేజిస్ట్రేటు కోర్టుల్లోనో సాక్షుల్ని క్రాస్ చేసే, అంటే ఎదుటి పక్షం సాక్షుల్ని ప్రశ్నించే వకీలు దగ్గర చేరండి. మొదటి ఆరు నెలలు వాయిదాలు అడగడానికే పంపిస్తారు, పంపించనీండి, వెళ్లిన కోర్టు హాల్లోనే ఇంకో గంట కూర్చోండి. సీనియర్‌ను అడిగి చీఫ్ అఫిడవిట్‌లు (మన సాక్షి ముందుగా రాతలో ఇచ్చే సాక్ష్యం) మీరే రాయండి. ఇంకో అలవాటు, ఇది నా జూనియర్లందరికీ చెప్తాను: ప్లెయింటూ (వాది దావా) రిటన్ స్టేట్‌మెంటూ (ప్రతివాది జవాబు) చదివి జడ్జిగారు ఇష్యూలు, అంటే కేసులో తేల్చాల్సిన ప్రశ్నలు ఫ్రేమ్ చేయకముందే మీ నోటుబుక్కులో మీ ఇష్యూలు రాసుకోండి. తర్వాత ఆర్డర్ షీటులో వచ్చినవాటితో పోల్చుకోండి. మొదట్లో పది రాస్తారు, అందులో ఆరు అనవసరం అని తెలుస్తుంది. సంవత్సరం తిరిగేసరికి నాలుగు రాస్తారు, నాలుగూ తగులుతాయి. మెయిన్స్‌లో అడిగేది సరిగ్గా ఇదే.

కన్నడం సంగతికి వస్తా. మనకు ఇది కొంత సులువు, కొంత ప్రమాదం. లిపి వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. వాది, ప్రతివాది, సాక్షి, తీర్పు, జామీను, స్వాధీనం అన్నీ తెలిసిన మాటలే కాబట్టి కన్నడం వచ్చేసిందని అనుకుంటాం. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌ను 'పాటీ సవాలు' అంటారు, అప్పీలు 'మేల్మనవి', నిందితుడు 'ఆరోపి', ఆస్తి షెడ్యూల్లో మనం హద్దులు అనేదాన్ని 'చక్కుబంది' అని రాస్తారు, పన్ను 'కందాయ', అడంగల్ అని మనం అనేదానికి దగ్గర కాగితం 'పహణి'. ఇక భాగపంపకాల దావాల్లో చుట్టరికాలు. చిన్నాన్న 'చిక్కప్ప', వదిన 'అత్తిగె', 'మైదున' అంటే సందర్భాన్ని బట్టి మరిది కావచ్చు, బావమరిది కావచ్చు. వంశవృక్షంలో ఆ ఒక్క మాట తప్పు అనువదిస్తే ఆస్తిలో వాటానే మారిపోతుంది. అందుకని వ్యాకరణం పుస్తకం కంటే ముందు పాత క్రయపత్రాలు, విభాగపత్రాలు, కన్నడంలో రాసిన డిపాజిషన్లు (కోర్టులో రాసుకున్న సాక్షుల వాంగ్మూలాలు) తెచ్చుకుని రోజుకో పేజీ చేత్తో అనువదించండి. సీనియర్ ఆఫీసులో మూలన పడి ఉన్న పాత ఫైళ్లు చాలు. చేసింది కన్నడం బాగా వచ్చిన గుమాస్తాకు చూపించండి, పొరపాట్లు ఆయన పట్టుకున్నట్టు కోచింగ్ సెంటర్‌లో ఎవరూ పట్టుకోలేరు. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ లాంటి తాలూకాలకు పోస్టింగ్ పడితే మీ తెలుగు అక్కడివాళ్లకు వరమే, కానీ రికార్డు కన్నడంలోనే ఉండాలి, రెండూ గట్టిగా రావాలి.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. కర్ణాటకలో హైకోర్టే నిర్వహిస్తుంది. వంద మార్కుల ఆబ్జెక్టివ్ ప్రిలిమ్స్, తర్వాత మెయిన్స్‌లో ఆ అనువాదం పేపరు కాక మూడు లా పేపర్లు. ఒకటి ప్రొసీజరు, డ్రాఫ్టింగు. ఇంకొకటి సివిల్ కేసులో ఇష్యూలు, తీర్పు రాయడం. మూడోది క్రిమినల్ కేసులో చార్జి ఫ్రేమ్ చేయడం, తీర్పు రాయడం. ఆ పైన వైవా, అంటే ఇంటర్వ్యూ. కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి, అయినా అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి పాత సెక్షన్లు వదిలేయొద్దు, జడ్జి అయ్యాక మీ బల్ల మీద రెండు రకాల కేసులూ ఉంటాయి. గైడ్లు పక్కన పెట్టి బేర్ యాక్టు, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం చదవండి. వారానికి రెండు తీర్పులు గడియారం పెట్టుకుని చేత్తో రాయండి. వైవాలో తెలియనిది అడిగితే తెలియదని చెప్పండి.

సెలెక్ట్ అయ్యారనుకుందాం. కోర్టు హాలు అప్పగించే ముందు కనీసం ఏడాది ట్రైనింగ్ ఉండాలని 2025 తీర్పే చెప్పింది, బెంగళూరులో క్రెసెంట్ రోడ్డులోని జుడీషియల్ అకాడమీ ఉన్నది అందుకే. మొదటి పోస్టింగ్ బెంగళూరులో వస్తుందని ఆశపడొద్దు, సాధారణంగా ఏదో తాలూకా కేంద్రం వస్తుంది. సివిల్ జడ్జీ మీరే, మేజిస్ట్రేటూ మీరే. జీతం గురించి అడగడానికి మొహమాటపడతారు కానీ తెలుసుకోవాల్సిందే. మన తెలుగు జస్టిస్ పి. వెంకటరామరెడ్డి గారి నాయకత్వంలోని రెండో జాతీయ న్యాయ వేతన సంఘం సిఫారసు ప్రకారం సివిల్ జడ్జి తొలి మూల వేతనం 77,840 రూపాయలు, దాని మీద డీఏ, మిగతా అలవెన్సులు. నేరుగా జిల్లా జడ్జి అయితే 1,44,840. బాగా నడుస్తున్న వకీలు సంపాదనతో పోల్చుకుంటే తక్కువే, కానీ నెలనెలా వస్తుంది.

రోజు ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది నల్లకోటూ కారూ మాత్రమే చూస్తారు. బెంచ్ ఎక్కే సరికి ఆ రోజు లిస్టులో అరవయ్యో ఎనభయ్యో కేసులుంటాయి. సగానికి పైగా వాయిదాలు. మధ్యలో సాక్షులు, ఎవరో ఒకరు ముందురోజు రాత్రి బస్సెక్కి వచ్చి ఉంటారు, వాళ్లను విచారించకుండా పంపించకూడదు. సాయంత్రం చాంబర్‌లో ఆర్డర్లు డిక్టేట్ చేయాలి, రాత్రి ఇంట్లో తీర్పులు. నెలనెలా ఎన్ని కేసులు తేల్చారో యూనిట్ల లెక్క హైకోర్టుకు వెళ్తుంది. ఆదివారం సెలవనుకుంటారు, అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి ఆదివారమైనా, అర్ధరాత్రైనా పోలీసులు మీ గుమ్మంలోకే తెస్తారు. ఆ రిమాండు, అంటే అతన్ని కస్టడీలో ఉంచాలా వద్దా అని తేల్చడం, నిమిషాల్లో అయిపోయే పని అనుకోవద్దని బతిమాలి చెప్తున్నాను. ఎప్పుడు పట్టుకున్నారు, ఎందుకో చెప్పారా, కొట్టారా, ఇంట్లోవాళ్లకు తెలుసా, వకీలు ఉన్నాడా. ఈ ప్రశ్నలు అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి. పోలీసుల్ని నాలుగడుగులు వెనక్కి జరగమని అడగాలి. బెంగళూరు చుట్టుపక్కల కట్టడాల దగ్గర పనిచేసే కూలీల్లో రాయచూరు మనిషీ ఉంటాడు, శ్రీకాకుళం మనిషీ ఉంటాడు, బీహార్ మనిషీ ఉంటాడు. అర్థం కాకపోయినా భయంతో తలూపుతారు. తలూపడాన్ని జవాబుగా రాయకండి.

ఇంటి జీవితం కూడా మారుతుంది. 2001లో మన బెంగళూరులోనే జడ్జీల ప్రవర్తన గురించి ఒక ముసాయిదా తయారైంది, మరుసటి ఏడాది హేగ్‌లో దిద్దుకుని ప్రపంచమంతా 'బెంగళూరు సూత్రాలు' అంటున్నది దాన్నే. స్వతంత్రత, నిష్పాక్షికత, నిజాయితీ, ఔచిత్యం, సమానత్వం, సామర్థ్యంతో కూడిన శ్రద్ధ అని ఆరు మాటలు. ఆచరణలో ఆ మాటలకు అర్థం ఏమిటంటే, ఊళ్లో వకీలు కూతురి పెళ్లికి వెళ్లాలా వద్దా అని మీరు రాత్రంతా ఆలోచిస్తారు. మేనమామ ఫోన్ చేసి "మనవాడి కేసు మీ కోర్టులోనే ఉందంట" అని మొదలుపెడితే ఆ మాట అక్కడే ఆపేయాలి, ఆయన అలిగినా సరే. పాత స్నేహితులు తగ్గిపోతారు. వాట్సాప్ గ్రూపులు వదిలేస్తారు. మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్, పిల్లల స్కూలు మారుతుంది, భార్యాభర్తల్లో ఇంకొకరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే వారాంతపు కాపురమే. దీన్ని పెళ్లికి ముందే అవతలివాళ్లకు వివరంగా చెప్పండి, ముఖ్యంగా అమ్మాయిలు చెప్పి తీరాలి, ఎందుకంటే ఉద్యోగం మానేయమనే ఒత్తిడి వచ్చేది వాళ్ల మీదే. కేరళలో 1958లో మున్సిఫ్‌గా మొదలైన ఫాతిమా బీవీ గారు 1989లో సుప్రీంకోర్టుకు చేరిన మొదటి మహిళా జడ్జి అయ్యారు, మొదలైంది ఇలాంటి తాలూకా స్థాయి కుర్చీలోనే.

తీర్పు రాయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వాదనలు ముగిసిన వెంటనే రాయండి. సివిల్ కేసుల్లో మామూలుగా 30 రోజులు, ఎంత అసాధారణ పరిస్థితి అయినా 60 రోజుల్లో తీర్పు చెప్పాలని చట్టం ఉంది, కానీ నా అనుభవంలో పది రోజులు దాటితే సాక్షి ముఖం మర్చిపోతాం. సాక్షి ఎక్కడ తడబడ్డాడో, ఏ ప్రశ్నకు వకీలు వైపు చూశాడో గమనించే అవకాశం ట్రయల్ జడ్జికి ఒక్కరికే ఉంటుంది, అలాంటిది విచారణ జరుగుతుండగానే నోట్ చేసుకోండి. ఓడిపోయే పార్టీ కోసం రాయండి. గెలిచినవాడు చివరి పేజీ చూసి వెళ్లిపోతాడు, ఓడినవాడు ప్రతి లైనూ చదివిస్తాడు, తన వాదన విన్నారా లేదా అని వెతుక్కుంటాడు. ఆయన మాట ఎందుకు నమ్మలేదో రెండు మర్యాదైన వాక్యాల్లో ఉండాలి. వందల పేజీల సుప్రీంకోర్టు తీర్పుల్ని కాపీ పేస్టు చేయొద్దు.

పైకోర్టు కొట్టేస్తుందన్న భయం కొత్తలో అందరికీ ఉంటుంది. బెంగళూరు ట్రయల్ కోర్టు చరిత్రలోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. జయలలిత ఆస్తుల కేసును సుప్రీంకోర్టు 2003లో చెన్నై నుంచి ఇక్కడికి బదిలీ చేసింది. ప్రత్యేక కోర్టు జడ్జి జాన్ మైఖేల్ డికున్హా 2014 సెప్టెంబరు 27న పరప్పన అగ్రహారలో తీర్పు చెప్పారు, నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి పదవి పోయింది. 2015 మేలో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కన పెట్టి ట్రయల్ కోర్టు తీర్పును నిలబెట్టింది, అప్పటికి జయలలిత లేరు. మధ్యలో ఆ ఇరవై ఒక్క నెలలు ట్రయల్ జడ్జి నోరు తెరిచి తన తీర్పును సమర్థించుకోలేరు, ఆయన రాసిన పేజీలే ఆయన తరఫున మాట్లాడాలి. డికున్హా 2016లో కర్ణాటక హైకోర్టు జడ్జి అయ్యారు.

మెట్లు కూడా చెప్పేస్తాను. సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి. జిల్లా జడ్జి పోస్టుల్లో సగం ప్రమోషన్‌తో, పావు వంతు సర్వీసులో ఉన్నవాళ్లకు పెట్టే పోటీ పరీక్షతో, పావు వంతు నేరుగా. నేరుగా రావాలంటే ఏడేళ్ల వకీలు అనుభవం కావాలి, 2025 అక్టోబరు 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం వకీలుగానూ జడ్జిగానూ చేసిన ఏళ్లు కలిపి ఏడు ఉన్నా చాలంది, వయసు మాత్రం 35 నిండాలి. తాలూకా కోర్టులో ఉన్నవాళ్లకు ఇది పెద్ద తలుపే.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో వీసా వార్తలు చూసి "ఫెడరల్ జడ్జి స్టే ఇచ్చాడంట, మనకూ అలాంటి జడ్జి ఉంటాడా?" అని అడుగుతుంటారు. అక్కడ ఫెడరల్ ట్రయల్ కోర్టులు వేరు, రాష్ట్ర కోర్టులు వేరు. 94 ఫెడరల్ జిల్లాలు, జడ్జిని అధ్యక్షుడు నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదించాలి, పరీక్ష లేదు, రిటైర్మెంట్ వయసు లేదు. మనకు ఆ విడదీత లేదు. కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా ఒకే కోర్టు చూస్తుంది. సీబీఐ కోర్టు, ఎన్‌ఐఏ కోర్టు అని బోర్డు ఉన్నచోట కూర్చునేదీ మన జిల్లా జడ్జి కేడర్ మనిషే. కర్ణాటకలో అరవై ఏళ్లకు రిటైర్ అవుతారు.

ఇంత చదివాక కూడా మనసు ఇటే లాగుతుంటే సోమవారం పొద్దున పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి సర్ ఎం. విశ్వేశ్వరయ్య స్టేషన్‌లో దిగి సిటీ సివిల్ కోర్టుకు నడిచి రండి. కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి, కొన్ని రకాల కేసుల్ని మాత్రమే మూసిన తలుపుల వెనక విచారిస్తారు. ముందురోజు రాత్రి ఈకోర్ట్స్ యాప్‌లో చూసి సాక్ష్యం దశలో ఉన్న కేసు ఒకటి ఎంచుకోండి. ఫోన్ ఆఫ్ చేసి వెనక వరసలో కూర్చోండి. పేజీని మూడు గళ్లుగా గీసుకుని, సాక్షి అన్నది ఒకదాంట్లో, జడ్జిగారు డిక్టేట్ చేసింది ఒకదాంట్లో, మీరైతే ఏమని డిక్టేట్ చేసేవారో మూడోదాంట్లో రాయండి. భోజన విరామంలో బెంచ్ క్లర్కును మర్యాదగా అడిగితే, మధ్యాహ్నం ఏ కేసులో క్రాస్ ఉందో ఆయనే చెప్తారు.